ఉప్పుటేరు గేటప్ప

ఆదివారం పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. పాత బ్రాంచి అటెండరు. నేను దువ్వాడ బ్రాంచికి వచ్చేసి నాలుగేళ్ళయినా, పండగలకి గుర్తుపెట్టుకుని ఫోను చేసే మనిషి అతనొక్కడే. ఆ రోజు పండగేమీ కాదు.

"సార్, మన గేటప్ప పోనాదండి. నిన్న మద్దేనం. సుగరు బాగా పెరిగిపోనాదంట" అన్నాడు.

తడి చొక్కా చేతిలోనే ఉండిపోయింది. "ఎప్పుడు" అనబోయి, ఇప్పుడే చెప్పాడు కదా అని ఆపేశాను. సమాధి ఆ సాయంత్రమేనట. వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. ఇంట్లో చుట్టాలున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె విషయంలో నాకు సాకు దొరకడం అదే మొదటిసారి కాదు.

భీమిలి దాటి కొంత దూరం వెళితే, సముద్రపు నీరు నేలలోకి చొచ్చుకొచ్చి పెద్ద చెరువంత వెడల్పుగా నిలిచిపోయిన చోటొకటి ఉంది. అందరూ ఉప్పుటేరు అంటారు గానీ అది ఏరులా పారదు. పోటుకి కాస్త లేస్తుంది, ఆటుకి కాస్త దిగుతుంది. దాని మీద ఒక ప్రైవేటు కంపెనీ వంతెన కట్టి, కొన్నేళ్ళ పాటు టోలు వసూలు చేసుకునేలా ఒప్పందం రాసుకుంది. అవతలి ఒడ్డున ఐదారు ఊళ్ళు, రొయ్యల చెరువులు, ఒక హైస్కూలు, మా బ్యాంకు. వంతెన ఎక్కకపోతే ఉప్పుటేరు చివరిదాకా పోయి చుట్టి రావాలి. బండి మీద ముప్పావు గంట ఎక్కువ. మాది అసలు గోదావరి జిల్లా. నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను బ్యాంకులో క్లర్కుని. విశాఖ మద్దిలపాలెం నుంచి రోజూ మోటారు సైకిలు మీద ఆ వంతెన దాటి డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. నెలవారీ పాసుండేది. ఏడేళ్ళు వెళ్ళాను. అందులో ఐదేళ్ళు గేటు దగ్గర ఆమే.

గేటంటే హైవే మీద కనిపించే హంగులేమీ లేవు. ఒక రేకుల గది, దానికో కిటికీ, రోడ్డుకి అడ్డంగా ఎర్ర తెలుపు పట్టీల ఇనుప గొట్టం. గొట్టాన్ని చేత్తో పైకి లేపి కొక్కేనికి తగిలించాలి. తగిలించకపోతే తనంతట తనే దిగిపోతుంది. రోజుకి వందలసార్లు దాన్ని లేపీ దించీ ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త పైకి ఉండేది. చీర మీద కంపెనీ వాళ్ళ ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ. చొక్కాకి పేరు బిళ్ళ ఒకటుండేది గానీ, దాని మీద పేరు ఆమెది కాదు. అంతకుముందు చేసి మానేసిన మగమనిషిది.

"కొత్తది చేయించమని అడగొచ్చు కదప్పా" అన్నాను ఒకసారి.

"ఎందుకు బాబూ? తిట్టాలనుకున్నోడు ఆడి పేరెట్టి తిట్టుకుంటాడు. నాకే మంచిది."

అప్ప అంటే ఇక్కడ అక్క. ఆ దారిన పోయే వాళ్ళందరికీ ఆమె గేటప్ప. ముసలివాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు.

వంతెన మీద గాలి గట్టిగా కొడుతుంది. రెండు పక్కలా పిట్టగోడ మోకాలి ఎత్తే ఉండేది. సముద్రం వైపు నుంచి గాలి తోసిందంటే తేలికపాటి బండి ఒక బారెడు పక్కకి జరిగిపోయేది. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, వేళ్ళు విడదీసి, కాసేపు అలా ఉంచి, బళ్ళ వాళ్ళకి చెప్పేది. "తూరుపు గాలి. ఎడం పక్కకి తోసీద్ది. మెల్లగా ఎల్లు." అది ఆమె ఉద్యోగంలో భాగం కాదు. ఎవరూ చెప్పమనలేదు. చెప్పినప్పుడల్లా వెనక వాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. ఆమె తల తిప్పకుండా, "ఆగితే ఏటి పోద్ది?" అనేది. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అనేదో. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగేది.

రొయ్యల లారీలంటే మాత్రం ఆమెకి మంట. ఐసు కరిగి లారీ వెనక నుంచి నీళ్ళు ధారగా కారేవి. ఆ నీళ్ళ మీద బళ్ళు జారేవి. అందుకని లారీని గేటు ముందే పక్కకి పెట్టించి, "కారిందంతా కారిపోనీ, అప్పుడెల్లు" అనేది. డ్రైవర్లు బతిమాలేవాళ్ళు, బెదిరించేవాళ్ళు. ఆమె గోనెసంచి ముక్క ఒకటి తెచ్చి లారీ వెనక కిందపడే నీళ్ళ మీద వేసి, కాలితో తొక్కి చూసేది. ఇంకా తడిగా ఉంటే మళ్ళీ కిటికీలో కూర్చునేది. కంపెనీ సూపర్‌వైజరుకి ఇది నచ్చేది కాదు. లైను పెరిగిపోతోందని రోజూ గొణిగేవాడు.

పెళ్ళి కారు వస్తే లేచి బయటికి వచ్చేది. అద్దం దింపించి, "ఏదీ, గుంట మొకం సూడనీ" అని పెళ్ళికూతురి గడ్డం పట్టుకుని చూసేది. గుంటంటే ఇక్కడి మాటలో ఆడపిల్ల. నవ్వేదాకా గొట్టం లేపేది కాదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన పిల్ల కూడా ఆ ఖాకీ చొక్కానీ టోపీనీ చూసి ఫక్కున నవ్వేసేది. శవం వస్తే టోపీ తీసి చంకలో పెట్టుకుని, రెండు వైపులా బళ్ళన్నీ ఆపేసి, ఆ జనం అవతలి ఒడ్డుకి చేరేదాకా నిలబడేది. ఎవరి శవమైనా, ఏ కులమైనా, ఏ మతమైనా. ఆమె క్రైస్తవురాలు. గదిలో పైన మేకుకి చిన్న బైబిలు ఒకటి ప్లాస్టిక్ సంచిలో వేలాడుతుండేది. తడవకుండా.

నాకు ఆమె మరో రకంగానూ పనికొచ్చేది. ఎవరు దాటారో ఎవరు దాటలేదో ఆమెకి తెలుసు. దూరం నుంచి నన్ను చూడగానే కేకేసేది.

"బేంకు బాబూ, బేగి ఎల్లు. మీ మేనేజరు ఎల్లిపోనాడు. మొకం ముడుసుకుని ఎల్లినాడు."

ఒక్కోసారి, "ఇంకా రానేదు. టీ తాగీసి ఎల్లు" అనేది. ఆమె మాట నమ్మి నేను నిజంగానే టీ తాగి వెళ్ళేవాణ్ణి. ఒక్కరోజు కూడా తప్పలేదు. రెండు రోజులు సెలవు పెట్టి మూడోరోజు వెళితే, "నిన్నా మొన్నా దాటనేదేటి? ఒంట్లో బాగోనేదా?" అని అడిగేది. ఏడాదికి మూడొందల రోజులు వెళ్ళే ఆఫీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఒకసారి ఆమె బ్యాంకుకి వచ్చింది. ఖాకీ చొక్కా లేకుండా, నీలం వాయిలు చీరలో, తలకి నూనె రాసుకుని వస్తే నేను గుర్తుపట్టలేదు. కౌంటరు దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. "ఏం కావాలమ్మా" అన్నాను. పగలబడి నవ్వింది. బ్యాంకంతా తిరిగి చూశారు.

"రోజూ సూత్తావు. ఇదేటి బాబూ!"

ఒక్కతే కూతురు, నర్సింగులో సీటొచ్చింది, చదువు లోను కావాలి. భర్త విశాఖ హార్బరులో మరపడవ మీద వేటకి పోతాడు, వెళితే పది పదిహేను రోజులకి గానీ రాడు. కాగితాలన్నీ ఆమే తెచ్చింది, ఒకదాని వెనక ఒకటి సరిగ్గా పేర్చి. రెండు కాగితాలు తక్కువైతే మళ్ళీ రమ్మన్నాను. ఏమీ అనుకోలేదు. "గేటు కాడ నాను నిన్ను ఆపుతాను. ఇక్కడ నువ్వు నన్ను ఆపు. సరిపోద్ది" అని నవ్వుకుంటూ వెళ్ళింది. లోను వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఆపి గాలి సంగతితో పాటు కూతురి సంగతి కూడా చెప్పేది. సూది గుచ్చడం నేర్చుకుందట, తనకే గుచ్చి చూపించిందట.

అలా ఉండగా ఒక వానాకాలంలో వంతెన నడుమ ఒక పక్క పెచ్చులూడిపోయింది. రిపేరు కోసం సగం రోడ్డుకి అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. మిగిలిన సగంలో ఒక వైపు బళ్ళు వచ్చాకే రెండో వైపు బళ్ళు వదలాలి. ఆ రోజు పొద్దున్నే చినుకులు, విసురుగా గాలి. గేటు ముందు నేనే మొదట ఉన్నాను. గొట్టం దించి ఉంది. అవతలి నుంచి చేపల బుట్టలతో, వాటి మీద కూర్చున్న ఆడవాళ్ళతో నిండిన ఆటో ఒకటి అప్పటికే డ్రమ్ముల మధ్యకి వచ్చేసింది.

వెనక నుంచి హారను మోత. తెల్ల కారొకటి నా పక్కగా ముందుకొచ్చి గొట్టానికి ముక్కు ఆనించి ఆగింది. ఆ కారు అందరికీ తెలుసు. రొయ్యల చెరువుల ఆసామిది. వంతెన కంపెనీలో ఆయనకి వాటా ఉందని చెప్పుకునేవాళ్ళు. మా బ్రాంచిలో అన్నిటికంటే పెద్ద ఖాతా కూడా ఆయనదే.

"ఆగండి బాబూ, ఆటో వత్తంది. అదొచ్చీగానే ఒగ్గేత్తాను" అంది ఆమె.

డ్రైవరు దిగాడు. "ఎవరి బండో కనపడట్లేదా?"

"ఎవుల బండైతే ఏటి? ఆ ఆటోలో పదిమంది ఆడోళ్ళున్నారు. ఆగితే ఏటి పోద్ది?"

కారు వెనక అద్దం కొంచెం దిగింది. "ఎత్తరా నువ్వే" అని లోపలి నుంచి ఒక మాట వచ్చింది. డ్రైవరు గొట్టాన్ని రెండు చేతులతో పైకి తోసి, కొక్కేనికి తగిలించకుండానే పరిగెత్తి కారెక్కి ముందుకి ఉరికించాడు. గొట్టం కిందికి రావడం మొదలైంది. ఆమె గదిలోంచి దూకినట్టు వచ్చి, కారు మీద పడకుండా దాన్ని చేత్తో పట్టుకోబోయింది. గాలికి ఊగుతున్న ఆ ఇనుము ఒక్క చేతికి ఆగుతుందా? కారు అద్దం భళ్ళున పగిలింది. గొట్టానికీ కారు పైకప్పుకీ మధ్య ఆమె మణికట్టు ఇరుక్కుంది.

ఆ చప్పుడు నేను విన్నాను. ఆమె అరవలేదు. "ఆటో ఆపండి, ఆటో ఆపండి" అంటోంది. ఆటో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కారు అడ్డంగా ఆగిపోయింది కాబట్టి ఆ ఇరుకులో ఎదురెదురు గుద్దుకోలేదు. ఆడవాళ్ళు దిగి పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నారు. కానీ చినుకుల్లో అంత దూరం నుంచి వాళ్ళకేమీ కనిపించలేదు, వాళ్ళొచ్చేసరికి జరగాల్సింది అయిపోయింది. నా వెనక లారీ ఉంది, దాని డ్రైవరుకి నా వీపూ కారు డిక్కీ తప్ప ఏమీ కనిపించి ఉండవు. సూపర్‌వైజరు టీ కొట్టు దగ్గరున్నాడు. గొట్టం ఎవరు ఎత్తారో, ఎలా పడిందో, దాన్ని ఆపడానికి ఆమె ఎలా వచ్చిందో చూసింది నేనొక్కణ్ణి.

మూడోరోజు చేతికి పిండికట్టుతో గేటు బయట నిలబడి ఉంది. గదిలో ఎవరో కొత్త మనిషి. నా బండి ఆపి, ఎప్పటిలా గట్టిగా కాకుండా మామూలు గొంతుతో చెప్పింది.

"నాను కోపంతో కారు మీద గేటు పడీసినానని రాసీసినారు బాబూ. గేటు కాడ కెమేరా పని సెయ్యట్నేదంట. గురువారం పదకొండు గంటలకి సిటీ నుంచి ఆఫీసరొచ్చి ఎంక్వైరీ సేత్తాడంట. నువ్వు ఎనకే ఉన్నావు గదా. సూసింది సెప్పు. ఉన్నదానికి ఒక్క ముక్క ఎక్కువ సెప్పొద్దు. సూసింది సెప్పు, సాలు."

"తప్పకుండా వస్తానప్పా" అన్నాను.

అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా రాసుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నమే మా మేనేజరు గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనేవాడు కాదు.

"గేటు దగ్గర ఏదో గొడవట. నువ్వు సాక్ష్యం చెప్తానన్నావట?"

"చూశాను సార్."

"చూడొద్దనలేదయ్యా. ఆ కారాయన పొద్దున్న ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఖాతా వేరే బ్యాంకుకి మార్చుకుంటానని ఆయన అనలేదు, అనకుండా ఉంటేనే మనకి మంచిది. అయినా నీ ట్రాన్స్‌ఫర్ అప్లికేషను నా బల్ల మీదే ఉంది. సిటీకి దగ్గరలో ఇమ్మని రాశావు. నేను రికమెండ్ చెయ్యాలి." ఆ కాగితాన్ని వేలితో పక్కకి జరిపి, "వాళ్ళూ వాళ్ళూ ఏదో ఒకటి సర్దుకుంటారు. నీకెందుకు మధ్యలో" అన్నాడు.

ఇంట్లో చెప్పాను. వద్దని మా ఆవిడ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. "మీ ఇష్టం" అంది. ఆ రెండు రోజులూ నా ఇష్టమేమిటో నాకే తేలలేదు. రోజుకి మూడు గంటలు రోడ్డు మీద గడిపి వచ్చే బతుకు. నడుము నొప్పి. పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరేవాణ్ణి. ట్రాన్స్‌ఫర్ నాకెంత అవసరమో ఇప్పుడు చెప్పినా తక్కువే అవుతుంది. కానీ ఆమె అడిగింది అరగంట.

గురువారం పొద్దున్న భీమిలి దాటాక, వంతెన వైపు తిరగాల్సిన చోట నేను తిరగలేదు. బండిని నేరుగా పోనిచ్చాను. ఉప్పుటేరు చివరిదాకా వెళ్ళి, గుంతల రోడ్డు మీద చుట్టి, వెనకదారిన బ్రాంచికి చేరాను. ఆలస్యమైంది. మేనేజరు గడియారం చూడలేదు. పదకొండు గంటలకి కౌంటరులో కూర్చుని నోట్ల కట్టలకి రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాను. పదకొండున్నరకి అటెండరు వచ్చి, "సార్, గేటప్ప కబురెట్టింది, ఆఫీసరు ఎదురుసూత్తన్నాడంట" అన్నాడు.

"ఆడిట్ పడిందని చెప్పు. కదలడానికి వీల్లేదని చెప్పు" అన్నాను.

అతను ఖాళీగా ఉన్న కుర్చీల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళాడు. ఆ రోజు ఏ ఆడిటూ లేదు.

ఆమెను తీసేశారు. నిర్లక్ష్యం వల్ల వాహనానికి నష్టం కలిగించినందుకు అని కాగితం ఇచ్చారు. నేను పది రోజులు చుట్టు దారినే తిరిగాను. పదకొండో రోజు వానకి ఆ దారిలో కల్వర్టు కొట్టుకుపోయి, విధిలేక వంతెన వైపు తిరిగాను. గేటు దగ్గర కొత్త మనిషి నా పాసు చూసి గొట్టం లేపాడు. గాలి సంగతి చెప్పలేదు.

కొన్ని నెలలకి ఆమె వంతెన అవతలి కొసన, బళ్ళు నెమ్మదించే చోట, గొడుగు కింద ఎండుచేపలు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటిరోజు చూడనట్టు పోదామనుకున్నాను.

"బేంకు బాబూ!" అదే కేక. ఆగక తప్పలేదు. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఎడమ చేత్తో చేపలు తూస్తోంది.

"అప్పా, ఆ రోజు నేను..."

"ఆడిట్ వచ్చీసిందంట గదా. సెప్పినాడు మీవోడు. పనుంటే ఏటి సేత్తావు బాబూ? నీ ఉజ్జోగం నీది" అంది.

అక్కడే చెప్పాల్సింది. ఆడిట్ లేదప్పా, భయపడ్డాను అని నాలుగు ముక్కలు. నోటిదాకా వచ్చాయి కూడా. ఆమె నాకొక దారి చూపించింది, నేను ఆ దారిన పోయాను. "అవునప్పా, ఉన్నట్టుండి వచ్చేశారు" అన్నాను. అబద్ధం రెండోసారి చెప్పాను, ఈసారి ఆమె మొహం మీదే. ఆమె తలూపింది. హైవే టోలు గేటులో పనికి వెళితే పాత చోట ఎందుకు మానేశావని కాగితం అడిగారని, అది చూసి వద్దన్నారని మామూలుగా చెప్పింది. కూతురి చదువు ఇంకో ఏడాది ఉందని చెప్పింది. ఊళ్ళో కొందరు ఆమె కోపంతోనే గేటు వదిలేసిందని నమ్ముతున్నారని అటెండరు ద్వారా తెలిసింది. ఆమె చెప్పలేదు.

మా ఇంట్లో ఎండుచేపల వాసన పడదు. అయినా ఆ తర్వాత ఏడాదిపాటు వారానికోసారి ఆమె దగ్గర కొన్నాను. కొని అటెండరుకి ఇచ్చేవాణ్ణి. అతను ఎందుకని అడగలేదు. తర్వాత నాకు దువ్వాడ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఇంటికి దగ్గరేం కాదు గానీ రైలుంది, నడుము నొప్పి తగ్గింది. చివరి రోజు ఆమెకి చెప్పడానికి ఆగాను. "మంచిది బాబూ. పిల్లలు మేలుకునుండగా ఇంటికెల్తావు" అంది. ఆమెకి నా పిల్లల సంగతి నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు.

మొన్న వేసవిలో కంపెనీ గడువు తీరిపోయి వంతెనని ప్రభుత్వానికి అప్పగించారు. టోలు ఎత్తేశారు. గదినీ గొట్టాన్నీ పీకేశారని పేపర్లో ఒక మూల పడితే చదివి పక్కన పెట్టాను.

సమాధికి వెళ్ళలేదని చెప్పాను కదా. తర్వాత శనివారం జ్ఞాపకార్థ కూడిక ఉందని అటెండరు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ముందు బల్ల మీద ఆమె ఫోటో. ఖాకీ చొక్కా లేదు. ఎండుచేపలమ్మే ఆడవాళ్ళు, లారీ డ్రైవర్లు, హైస్కూలు మేష్టరొకాయన, ఆమె గడ్డం పట్టుకుని నవ్వించిన పెళ్ళికూతుళ్ళలో కొందరు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు లేచి, "సహోదరిని ఎరిగినవాళ్ళు ఎవరైనా లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్పొచ్చు" అన్నారు.

ఒకామె లేచి, తన నెలల బిడ్డకి జ్వరమొస్తే గేటప్ప తానే గొట్టం ఎత్తి పట్టుకుని నాలుగు బళ్ళని వెనక్కి నెట్టించి దారి ఇచ్చిందని చెప్పింది. ఒక డ్రైవరు గోనెసంచి ముక్క సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు. తర్వాత కాసేపు ఎవరూ లేవలేదు. లేచాను.

"నేను బ్యాంకులో పనిచేసేవాణ్ణి. కారు అద్దం పగిలిన రోజు నేను గేటు ముందున్నాను. గొట్టం ఆమె వదల్లేదు. డ్రైవరు ఎత్తి, తగిలించకుండా వదిలేశాడు. కారు మీద పడకుండా ఆపడానికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. చెప్పమని నన్ను అడిగింది. వస్తానన్నాను. వెళ్ళలేదు. ఆడిట్ అని చెప్పించాను. ఆ రోజు ఆడిట్ లేదు."

ఇంకా ఏదో చెప్పాలని నిలబడ్డాను గానీ ఇంకేమీ లేదు. అంతే. మొత్తం కలిపి ఒక నిమిషం పట్టలేదు. ఆమె భర్త, ఎండకి నల్లబడిన బక్కమనిషి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. వెనక వరసలో ఒక ముసలామె, "ఇప్పుడు సెప్తన్నాడేటి" అంది. మెల్లగా అనలేదు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాలు పెడుతుంటే నేను బండి దగ్గరికి వచ్చేశాను. వెనక నుంచి ఎవరో "సార్" అన్నారు. ఆమె కూతురు. సిటీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. లోను కాగితాల మీద ఫోటోలో చూసిన పిల్ల ఇప్పుడు పెద్దమనిషిలా ఉంది.

"ఆడిట్ నేదని మాకు తెలుసు సార్" అంది.

నేను బండి తాళం తీసి జేబులో వేసుకున్నాను.

"మా సిన్నాన్న ఆ చుట్టు దారి మీదే రొయ్యల చెరువు కాపలా. ఆ గురువారం మీ బండి సూసినాడు. ఇంటికొచ్చి అమ్మకి సెప్పినాడు. నాను ఆ రోజు ఇంటికాడే ఉన్నాను. బేంకుకొచ్చి మిమ్మల్ని అందరి ముందూ అడిగీద్దామని బయల్దేరినాను. అమ్మ ఎల్లనివ్వనేదు. 'ఊరుకో, ఆడిటన్న మాట నమ్మినట్టుంటేనే ఆ బాబు మళ్ళీ ఈ దారంట వత్తాడు. నేకపోతే సిగ్గుతో రోజూ ఆ గుంతల్లోంచి తిరుగుతాడు, వానాకాలం, నడుము నొప్పి మనిషి' అంది."

నా నడుము నొప్పి సంగతి కూడా ఆమెకి తెలుసన్నమాట.

"చాలా తప్పు చేశానమ్మా" అన్నాను. ఆ మాటలు నాకే చాలా చిన్నగా వినిపించాయి.

ఆ అమ్మాయి నన్ను సూటిగా చూసింది. ఏడవడం లేదు. కోపంగా కూడా లేదు. ఎంతోకాలం మోసింది కింద పెట్టేముందు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"మా అమ్మ మిమ్మల్ని ఏటీ అనుకోనేదు సార్. నాను అనుకున్నాను. మీరిప్పుడు అందరి ముందూ సెప్పినారు, మంచిదే, మా నాన్న ఇన్నాడు. అయినా నాను అనుకుంటానే ఉన్నాను."

"అనుకోవాలమ్మా" అన్నాను.

ఆమె ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాను. షామియానాలోంచి ఎవరో అన్నం తక్కువైందని కేకేశారు. "వత్తన్నాను" అని జవాబిచ్చి, చున్నీ నడుముకి బిగించుకుంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది.